శనివారం పొగ

కోర్పివారా, ఫిన్లాండ్
మే నెల, 1988

కెర్తుకి, ఓయివా రాసేది.

చేరాను. ఓడ, రైలు, బస్సు అన్నీ వేళకే నడిచాయి. సామాను పగల్లేదు. మీ అక్క సైమి ఫొటోకి మాత్రం అద్దం మూల చిట్లింది. వేరే అద్దం వేయిస్తాను.

నాకు రాయడం రాదని నీకు తెలుసు. ముప్పై ఏళ్ళు ఫౌండ్రీలో కరిగిన ఇనుము ఒంపిన చేతులివి. సైమి ఉన్నన్నాళ్ళూ ఉత్తరాలన్నీ తనే రాసేది, నేను కింద పేరు గీకేవాణ్ణి. ఇప్పుడు మొత్తం నేనే గీకాలి. తప్పులుంటే నీలో నువ్వు నవ్వుకో. దిద్ది వెనక్కి పంపకు.

ఇల్లు బాగానే ఉంది. పిల్లలు లేక ఊరి బడి మూసేశారు. మేష్టారి ఇల్లు ఖాళీగా ఉంటే నాకు అద్దెకిచ్చారు. చిన్నప్పుడు ఈ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి చీవాట్లు తిన్నాను. ఇప్పుడు అదే గుమ్మంలో బనియనుతో కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఆ మేష్టారు చూస్తే మళ్ళీ బెత్తం తీసేవాడు. వంటింటి పొయ్యి మంచిది. ఒక్కటే లోటు. సరస్సు ఒడ్డున ఈ ఇంటి తాలూకు ఆవిరిస్నానాల కొట్టం, సౌనా, పాడుపడింది. కప్పు కూలి, రాళ్ళ పొయ్యిలో మొక్క మొలిచింది. ఈ ఊళ్ళో సౌనా లేని ఇల్లు తలుపు లేని ఇల్లులాంటిది. ఫరవాలేదు, తాహ్వో ఉన్నాడు.

తాహ్వో ఇల్లు నీళ్ళకి అవతలి ఒడ్డున, అదే పాత చోట ఉంది. బడిలో నా బల్ల మీదే కూర్చునేవాడు. అడవి పనిలో రంపానికి ఆ చివర వాడు, ఈ చివర నేను. పడవల రేవులో కనిపించాడు. ముసలాడైపోయాడు.

"వచ్చావా" అన్నాడు.

"వచ్చాను" అన్నాను.

"ఈ ఏడు మంచు ఆలస్యంగా కరిగింది" అన్నాడు.

"అలాగే ఉంది" అన్నాను.

ముప్పై ఏళ్ళకి ఆ మాత్రం చాలు. ఎక్కువ మాట్లాడేవాళ్ళందరినీ స్వీడన్లో వదిలి వచ్చాను.

బస్సులో మాత్రం నోరు జారింది. టికెట్టు ఇస్తే స్వీడన్ భాషలో థాంక్స్ చెప్పేశాను. ఇక ఆ డ్రైవరు చెవిటివాడితో మాట్లాడినట్టు, "అయ్యా, మీరు, ఎక్కడ, దిగాలి" అని ఒక్కో మాటా విడదీసి అడిగాడు. "నేను పుట్టేనాటికి ఈ రోడ్డే లేదు, నువ్వు బండి నడుపు" అన్నాను. కొట్టు దగ్గర నాకప్పుడే పేరు పెట్టేశారు, స్వీడన్ ఓయివా అని. అక్కడున్నన్నాళ్ళూ ఫిన్లాండువాడు, ఫిన్లాండువాడు అన్నారు. ఇక్కడికొచ్చి వారం తిరక్కుండా స్వీడన్‌వాణ్ణయ్యాను.

శనివారం మధ్యాహ్నం తాహ్వో సౌనా గొట్టం నుంచి పొగ లేచింది. ఉతికిన చొక్కా వేసుకుని, సబ్బు తువ్వాలు సంచిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. వస్తాడు, లేకపోతే పెళ్ళాం హిల్మాని పంపుతాడు అనుకున్నాను. ఎవరూ రాలేదు. మొదటి వారం, ఏదో పనిలో ఉండి ఉంటాడు. వచ్చే శనివారం పిలుస్తాడు.

నా ఫ్లాటు తాళంచెవి జాగ్రత్త. అక్టోబరు ఆఖరు దాకా హౌసింగ్ ఆఫీసువాళ్ళు ఆగుతామన్నారు. ఈలోగా ఉండేదో తిరిగి వచ్చేదో తేల్చుకుంటాను. కిటికీలో మొక్కకి నీళ్ళు పొయ్యి.

ఇంతే.
ఓయివా

ఎస్కిల్‌స్టూనా, స్వీడన్
జూన్ మొదట్లో

బావా,

ఉత్తరం అందింది. దిద్దలేదు. దిద్దాలంటే ఒక సీసా ఎర్ర సిరా చాలదు.

మొక్క బతికే ఉంది. నువ్వు లేకపోయేసరికి కొత్త ఆకు కూడా వేసింది. మనిషి గొణుగుడు లేకపోతే మొక్కలు బాగా ఎదుగుతాయట.

నా సంగతి మామూలే. ఆస్పత్రి వంటింట్లో గురువారం బఠాణీ సూప్, శుక్రవారం చేప. డిసెంబరుతో నా ఉద్యోగం అయిపోతుంది. తర్వాత ఏం చేస్తావని అందరూ అడుగుతున్నారు, నువ్వు తప్ప.

కింద బేస్‌మెంట్‌లో, ఎవరి గంట వాళ్ళు తాళం వేసి పట్టుకునే సౌనా బోర్డు మీద శనివారం ఆరు గంటల గడిలో నీ ఇంటి నంబరు తాళం ఇంకా అలాగే వేలాడుతోంది. నేను తియ్యలేదు. తీస్తే మూడో అంతస్తులో దిగిన కొత్త జంట ఆ గంట లాగేసుకుంటారు. ఆ అమ్మాయి నన్ను మెట్ల మీద ఆపింది.

"కెర్తు, శనివారం ఆరింటికి ఎవరూ వెళ్ళట్లేదు కదా, మరి ఆ తాళం ఎందుకుంది?"

"ఆయన ఊరెళ్ళాడు."

"ఎప్పుడొస్తాడు?"

"ఊరెళ్ళినవాళ్ళు వస్తారమ్మా" అన్నాను. పిల్ల నా వంక అదోలా చూసింది.

ఏడు గంటల గడి నాది కదా. నువ్వున్నప్పుడు నేను తలుపు తీసేసరికి రాళ్ళు కణకణలాడుతూ ఉండేవి. ఇప్పుడు మీట నొక్కి, చల్లటి చెక్క మీద తువ్వాలు చుట్టుకుని, ఆ కరెంటు పొయ్యి ఎప్పుడు వేడెక్కుతుందా అని కూర్చుంటున్నాను. అదేం పెద్ద కష్టం కాదు. ఊరికే చెబుతున్నాను.

తాహ్వో పిలిచాడా? నీ ఒంటికి ఆవిరి తగిలిందా? హిల్మా ఎలా ఉంది? మీ పెళ్ళిలో పాల క్యాన్లు పెట్టే అరుగు మీద కూర్చుని లేవనన్న మనిషి ఆవిడేగా.

నీ మరదలు
కెర్తు

కోర్పివారా
జూలై

కెర్తుకి, ఓయివా రాసేది.

పిలవలేదు.

నడివేసవి పండగ అయిపోయింది. అవతలి ఒడ్డున మంట వేశారు. అకార్డియన్ వినిపించింది. పొద్దుగూకని వెలుతురు కదా, మనుషులు సౌనాలోంచి ఎర్రగా బయటికొచ్చి నీళ్ళలో దూకడం ఇక్కడికి కనిపించింది. కుర్చీ బయట వేసుకుని చూశాను. దోమలు మాత్రం పిలవకుండానే వచ్చాయి.

ప్రతి శనివారం పొగ లేస్తుంది. ప్రతి శనివారం నేను వంటింట్లో బేసిను పెట్టుకుని ఒళ్ళు తుడుచుకుంటున్నాను. ఆస్పత్రిలో రోగుల్ని తుడిచినట్టు. తాహ్వో సౌనా ఎంతసేపు కాగుతుందో తెలుసా. అందరి స్నానాలూ అయ్యాక కూడా పొగ మళ్ళీ లేస్తుంది. ఎవరికోసమో రెండోసారి కాలుస్తారు. చుట్టాలెవరైనా వస్తున్నారేమో. నాకెందుకు.

ఒకరోజు పొద్దున్నే గుమ్మంలో చేప ఉంది. పెద్ద పైకు చేప, నోట్లోంచి పుల్ల గుచ్చి, తాడు కట్టి పెట్టారు. ఆ ముడి తాహ్వోదే, నాకు తెలుసు. మనిషి లేడు. సరే, ఊరికే తింటే బాకీ ఉన్నట్టు ఉంటుందని, ఆ సాయంత్రమే మంచి కాఫీ పొట్లం కొని పట్టుకెళ్ళి ఇచ్చాను. వాడు పెరట్లో వల బాగుచేస్తున్నాడు.

"చేపకి" అన్నాను.

వాడు పొట్లం వంక చూశాడు. "చేపకా" అన్నాడు.

"అవును. థాంక్స్."

"మంచిది" అని పొట్లం బల్ల మీద పెట్టి మళ్ళీ వల పట్టుకున్నాడు. కూర్చోమనలేదు. నిలబడి నిలబడి వచ్చేశాను. తర్వాత ఇంకో చేప రాలేదు.

కొట్టు దగ్గర హిల్మా ఎదురైంది. నలుగురిలో అడిగింది.

"ఏం ఓయివా, ఆ మేష్టారింట్లో ఒంటికి వేన్నీళ్ళు దొరుకుతున్నాయా?"

"దొరుకుతున్నాయి. నాకేం లోటు లేదు."

"లోటు లేనివాడికి చెప్పేదేముంది" అని బ్రెడ్డు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. గల్లాపెట్టె దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఎగతాళి చేస్తే తెలుసుకోలేనంత మొద్దునా నేను.

పిలవని పేరంటానికి పోయే రకాన్ని కాను. ఊరొదిలి పోయినవాడు తిరిగొస్తే, ఉన్నవాళ్ళు ఒక మాట పిలవాలి. వచ్చినవాడు తువ్వాలు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరగడు.

నడుం నొప్పిగా ఉంది. ఆవిరి తగిలితే పోయేది.

నీ ఉద్యోగం డిసెంబరుతో అయిపోతుందని నాకు తెలుసు. తెలిసింది మళ్ళీ ఎందుకు అడగాలి.

ఓయివా

ఎస్కిల్‌స్టూనా
జూలై ఆఖరు

బావా,

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను.

మనుషులు మారతారు. ఊళ్ళు మారతాయి. అంతకన్నా ఏం చెప్పను. నడుం నొప్పికి ఆస్పత్రి నర్సు ఒక తైలం ఇచ్చింది, పార్సెల్లో పంపుతున్నాను. గట్టిగా రుద్దకు.

పైకు చేప సంగతి చదువుతుంటే మా అమ్మ అనే మాట ఒకటి గుర్తొచ్చింది. రాద్దామనుకున్నాను. ఇప్పుడు టైము లేదు, ఇంకోసారి రాస్తాను.

మూడో అంతస్తు అమ్మాయి బోర్డు దగ్గర చీటీ అతికించింది. "శనివారం ఆరు గంటలు వాడనివారు దయచేసి తాళం తీయగలరు" అని. పేరు రాయలేదు, కానీ నా గుమ్మం వైపే చూస్తూ అతికించి ఉంటుంది. నేను ఆ చీటీ కింద "వాడుతున్నాం" అని రాశాను. ఇప్పుడు మాట నిలబెట్టుకోవడానికి ఆరింటికీ ఏడింటికీ కూడా నేనే వెళ్ళి కూర్చుంటున్నాను. ఒళ్ళంతా ఎండుచేపలా అయిపోయింది.

అక్కడ కుదరకపోతే కుదరనట్టే. సిగ్గుపడాల్సిందేం లేదు. వచ్చెయ్యి. నీ గంట నీకుంది, నీ మెట్లు నీకున్నాయి, మొక్కను తిట్టడానికి నీ కిటికీ ఉంది.

కెర్తు

కోర్పివారా
ఆగస్టు ఆఖరు

కెర్తుకి, ఓయివా రాసేది.

తైలం అందింది. కంపు కొడుతోంది కానీ పనిచేస్తోంది.

పిలిచాడు.

మంగళవారం ఎవరో తలుపు కొట్టారు. ఈ ఊళ్ళో తలుపు కొట్టేది పోస్టుమాన్ ఒక్కడే, అతను కూడా సంతకం కావాలంటేనే. తీసి చూస్తే తాహ్వో. చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు. టోపీ చేతిలో ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మీకు వీలుంటే ఈ శనివారం మా సౌనాకి దయచెయ్యండి. ఐదింటికి" అన్నాడు.

"వస్తాను" అన్నాను.

"హిల్మా కూడా చెప్పమంది. మీరు తప్పకుండా రావాలంది."

మీరు అన్నాడు, విన్నావా. నాకు లోపల బాగానే అనిపించింది. ఆలస్యమైతే అయింది, మర్యాద తెలిసినవాడు అనుకున్నాను. శనివారం సూటు వేసుకున్నాను. స్వీడన్ నుంచి తెచ్చిన చాక్లెట్ డబ్బా, సరిగ్గా ఇలాంటి రోజుకని దాచింది, తీసుకెళ్ళాను.

ఎలా చేశారో చెబుతాను. సౌనా నేల తోమి తెల్లగా చేశారు. నేల మీద బర్చ్ చెట్టు పచ్చి ఆకులు పరిచారు. మడత విప్పని తెల్ల తువ్వాలు, కాగితం తియ్యని సబ్బు. ఒంటికి కొట్టుకునే బర్చ్ రెమ్మల కట్ట అప్పుడే కట్టింది, ఆకు వాసన పోలేదు. తాహ్వో తలుపు తీసి పట్టుకుని పక్కకి జరిగాడు.

"మీరు వెళ్ళండి."

"నువ్వు రావా?"

"మీరు కానివ్వండి. తొందరేం లేదు."

లోపల ఒక్కణ్ణే కూర్చున్నాను. రాళ్ళ మీద నీళ్ళు పోశాను. ఆవిరి మంచిదే, మెత్తగా వచ్చింది. చాలు అనేవాడు లేడు, ఇంకొంచెం పొయ్యి అనేవాడు లేడు. వీపు మీద కట్టతో కొట్టేవాడు లేడు. తాహ్వో బయట గోడకి ఆనుకుని కూర్చుని చాకుతో పుల్ల చెక్కుతున్నాడు. ఆ చప్పుడు గోడ లోంచి వినిపిస్తూనే ఉంది. పది మంది పట్టే బల్ల మీద ఒక్కడు కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. బేస్‌మెంట్‌లో ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి, కానీ అది ఇద్దరు పట్టే గది.

తర్వాత ఇంట్లో కాఫీ ఇచ్చారు. పల్చటి కప్పుల్లో, బంగారు అంచు ఉన్నవి. బిస్కట్లు, కేకులు, పసుపు అడవిపళ్ళ జామ్. హిల్మా ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "స్వీడన్లో వాతావరణం ఎలా ఉంటుందండీ" అని అడిగింది. ఈ హిల్మా ఒకప్పుడు నన్ను పెంటకుప్పలోకి తోసింది. "ఇక్కడిలాగే ఉంటుంది" అన్నాను. "అలాగా" అంది. నేను థాంక్స్ చెప్పాను. వాళ్ళు థాంక్స్ చెప్పారు. తాహ్వో గేటు దాకా వచ్చాడు. "దయచేసినందుకు చాలా సంతోషం" అన్నాడు.

ఒక్క తప్పు లేదు. ఇంటికొచ్చి కూర్చుని వెతికాను. ఎక్కడా తప్పు దొరకలేదు. ఒళ్ళు శుభ్రంగా ఉంది, కానీ వేడెక్కలేదు.

మర్యాద చేశారు. మర్యాద కోసం ఇంత దూరం రానక్కర్లేదు, అక్కడ బ్యాంకులో కూడా చేస్తారు.

కాబట్టి నువ్వు హౌసింగ్ ఆఫీసుకి వెళ్ళి చెప్పు. అక్టోబరులో వస్తున్నాను, ఫ్లాటు వదలడం లేదని. సైమి ఫొటోకి కొత్త అద్దం వేయించాను. మళ్ళీ ఓడలో చిట్లుతుందేమో, ఈసారి దుప్పట్లో చుడతాను.

ఓయివా

ఎస్కిల్‌స్టూనా
సెప్టెంబరు

బావా,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. చదివి, కోటు విప్పకుండానే హౌసింగ్ ఆఫీసుకి వెళ్ళాను. వరస నంబరు చీటీ తీసుకున్నాను. నా నంబరు పిలిచారు. కౌంటరు అమ్మాయి "చెప్పండి" అంది. "ఏం లేదు, పొరపాటున తీసుకున్నాను" అని వచ్చేశాను. ఆ చీటీ ఇప్పుడు కూడా నా కోటు జేబులో ఉంది.

మా అమ్మ సంగతి రాస్తానన్నాను కదా. ఇప్పుడు రాస్తాను. కూర్చుని చదువు.

మా అమ్మ సౌనాకి ఎవరినైనా పిలవగా నువ్వెప్పుడైనా విన్నావా? నేను విన్నాను. పాస్టరుగారిని పిలిచింది. పశువుల డాక్టరుని పిలిచింది. అడవి కొలవడానికి పట్నం నుంచి వచ్చిన ఆఫీసరుని పిలిచింది. వాళ్ళకి మడత తువ్వాలు, కాగితం తియ్యని సబ్బు ఇచ్చి, ముందుగా ఒంటరిగా లోపలికి పంపేది. పిల్లలం నవ్వితే తిట్టేది. "వాళ్ళు పరాయివాళ్ళర్రా, పాపం, పిలిస్తే తప్ప ఎలా రావాలో తెలీదు" అనేది.

మిగతా ఊరంతా పొగ చూసి వచ్చేది.

నువ్వూ వచ్చేవాడివి. మా అక్క కోసం. తువ్వాలు భుజాన, చంకలో రెండు కట్టెలు. ప్రతి శనివారం. నిన్ను ఎవరు పిలిచారు బావా? మా నాన్న పిలిచాడా? పిలిచి ఉంటే ఆ గుమ్మం మళ్ళీ తొక్కేవాడివా? నిన్ను పిలవలేదు కాబట్టే ఆ ఇంట్లో మా అక్క నీకు దక్కింది.

పోయినవాడు తిరిగొస్తే పిలవాలి అని రాశావు. నీ లెక్క అది. తాహ్వో లెక్క ఇంకోలా ఉంటుంది. మనవాడైతే వస్తాడు, పరాయివాడైతే పిలవాలి. వేసవంతా వాడు మనవాడి కోసం చూశాడు. రెండోసారి ఎవరికోసం కాల్చేవాడో ఇప్పుడు చెప్పు. చేప తెచ్చి పెట్టాడు, నువ్వు దానికి కాఫీ పొట్లంతో ధర కట్టావు. హిల్మా నోరు తెరిచి నీళ్ళున్నాయా అని అడిగింది, లోటు లేదన్నావు. ఇంకేం చేస్తారు? చివరికి చర్చి కోటు వేసుకుని వచ్చి, పాస్టరుకి చేసినట్టు చేశారు. ఆ కోటు వేసుకోవడం వాడికి ఎంత కష్టమైందో నీకు తెలియదు. నాకు తెలుసు.

ఇక్కడ ఇన్నేళ్ళు బోర్డు మీద తాళం వేసుకుని గంట లెక్కన వేడెక్కాం. ఎవరో గంట ఇస్తే తప్ప వెళ్ళకూడదని నీ ఒంటికి అలవాటైపోయింది. నాకూ అంతే.

ఇదంతా పోయిన ఉత్తరంలోనే రాయాల్సింది. రాయలేదు. ఎందుకని అడగకు.

ఒక్క శనివారం వెళ్ళు. పిలుపు లేకుండా వెళ్ళు. సూటు వద్దు. అప్పటికీ వచ్చేస్తానంటే రాయి, మళ్ళీ చీటీ తీసుకుంటాను.

కెర్తు

కోర్పివారా
అక్టోబరు

కెర్తుకి, ఓయివా రాసేది.

నువ్వు రాసింది నాకు తెలియక కాదు. తెలుసు. నాకు కూడా వర్తిస్తుందని అనుకోలేదు, అంతే.

ఉత్తరం వచ్చాక మొదటి శనివారం వెళ్ళలేదు. వాన పడింది. వాన లేకపోయినా వెళ్ళేవాణ్ణి కాదు.

రెండో శనివారం పొగ లేచింది. పాత ప్యాంటు వేసుకున్నాను. పాత తువ్వాలు భుజాన వేసుకున్నాను. చంకలో రెండు కట్టెలు పెట్టుకున్నాను, బర్చ్‌వి, ఎండినవి. ఒడ్డు చుట్టూ నడిచాను. హిల్మా కిటికీలోంచి చూసింది. పలకరించలేదు. నేను కూడా పలకరించలేదు. సౌనా ముందు కట్టెలు గోడవార పెట్టాను. బట్టలు మేకుకి తగిలించాను. లోపల మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. తలుపు దగ్గర కాస్త నిలబడ్డాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. తర్వాత తీశాను.

పై బల్ల మీద తాహ్వో, వాడి బావమరిది. లోపల చీకటి. తాహ్వో తల తిప్పలేదు.

"తలుపు వెయ్యరా, ఆవిరంతా పోతోంది" అన్నాడు.

వేశాను.

"జరుగు" అన్నాను.

జరిగాడు. ఎక్కి కూర్చున్నాను. రాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. చెవులు కాలుతున్నాయి. నన్ను దించాలని చూస్తున్నాడు, చిన్నప్పుడు కూడా అంతే. నేను దిగలేదు. వాడి బావమరిది దిగిపోయాడు.

అప్పుడు అన్నాడు, "వేసవంతా రెండు పొయ్యిల కట్టెలు తగలబెట్టాను. మా అడవి సగం అయిపోయింది నీవల్ల."

"నాలుగు అంగలేసి వచ్చి చెప్పాల్సింది" అన్నాను.

"చెప్పాగా. చెబితే సూటు వేసుకుని చాక్లెట్లు పట్టుకొచ్చావు."

"నువ్వు మీరు అన్నావు."

"సూటువాణ్ణి మరి ఏమంటారు" అని, కట్ట తీసి, "తిరుగు" అన్నాడు. వీపు మీద కొట్టాడు. మర్యాదగా కొట్టలేదు. నడుం నొప్పి పోయింది. నీ తైలం హిల్మాకి ఇచ్చేశాను, ఆవు పొదుగుకి రాస్తానంది.

కాఫీ బయట మెట్ల మీద తాగాం, చెవి విరిగిన కప్పుల్లో. హిల్మా, "ఈసారి చేప పెడితే దానికి ధర తేకు, తిను" అంది. సరే అన్నాను. థాంక్స్ చెప్పబోయి ఆగాను.

సోమవారం పొద్దున్నే తాహ్వో గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి నా పాడు సౌనా చుట్టూ తిరిగాడు. నేను పిలవలేదు. వాడు చెప్పలేదు. "ఈ దూలం కుళ్ళింది" అన్నాడు. అలా మొదలైంది. రంపానికి ఆ చివర వాడు, ఈ చివర నేను. వాడికి దమ్ము తగ్గింది. నాకు తగ్గలేదు. వాడు ఇదే మాట తిప్పి చెబుతాడు, నమ్మకు. కప్పు అయిపోయింది. పొయ్యిలో మొక్క పీకేశాను. రాళ్ళు ఒడ్డు నుంచి కొత్తవి ఏరాం. ఇప్పుడు శనివారాలు రెండు ఒడ్డుల నుంచీ వంతులవారీగా పొగ లేస్తుంది. ఒక వారం మేం అక్కడికి, ఒక వారం వాళ్ళు ఇక్కడికి. మేం అని రాశాను. నేను ఒక్కణ్ణే. కొట్టెయ్యడం నాకు రాదు, అలాగే ఉండనివ్వు.

హౌసింగ్ ఆఫీసుకి చెప్పు, ఫ్లాటు అక్కర్లేదని. బోర్డు మీద నా తాళం తీసెయ్యి. మూడో అంతస్తు పిల్లకి ఆ గంట ఇచ్చెయ్యి. కానీ మీట ముందుగా నొక్కి పెట్టమని చెప్పు, ఏడింటికి నువ్వు వెళ్ళేసరికి రాళ్ళు వేడిగా ఉండాలి. డిసెంబరు దాకా.

సౌనాలో కొత్త బకెట్లు పెట్టాను. మేకులు కూడా కొట్టాను. నాకు కావలసినదానికన్నా ఒక మేకు ఎక్కువుంది. ఆడవాళ్ళ వంతు మా తర్వాత. హిల్మాకి ఒక్కర్తికీ విసుగ్గా ఉందట. వీపు ఎవరూ రుద్దడం లేదట.

నిన్ను రమ్మని రాయను. రాస్తే నీకు తెల్ల తువ్వాలు పరచాల్సొస్తుంది.

శనివారం మధ్యాహ్నం నుంచి పొగ కనిపిస్తుంది. రేవు నుంచే కనిపిస్తుంది.

ఓయివా

ఎస్కిల్‌స్టూనా
నవంబరు

బావా,

తాళం తీసి ఆఫీసులో ఇచ్చేశాను. ఫ్లాటు కూడా. మూడో అంతస్తు పిల్ల ఇప్పుడు మెట్ల మీద ముందు తనే నవ్వుతోంది. మొక్కని ఆస్పత్రి వంటింటి కిటికీలో పెట్టాను, అక్కడ దానికి సూప్ ఆవిరి బాగా పడింది.

చలికోట్లు ఉతికించాను. పాత తువ్వాలు ఒకటి వెతికి పెట్టుకున్నాను, చిరుగు ఉన్నది.

జవాబు రాయకు. పిలిచినట్టుంటుంది.

కెర్తు